పసుపు పెట్టిన సెమినారు నోట్సు

ఇరవై ఐదుకు పదకొండు. ఎమ్మెస్సీ రెండో ఏడాది సెమినారులో నాకు వచ్చిన మార్కులు అవి. పాసు కావాలంటే పన్నెండు రావాలి. తక్కువైన ఆ ఒక్క మార్కును మా ప్రొఫెసరు గారు దయతో కలిపారు. దయ అన్న మాట నాది కాదు. మార్కుల కాగితం మీద నా నంబరు పక్కన ఎర్రసిరాతో ఆయనే రాశారు. ఆ కాగితం నోటీసు బోర్డు మీద తొమ్మిది రోజులు ఉంది. పదో రోజు నేనే పీకి దాచుకున్నాను. ఇప్పటికీ ఉంది, ఎవరైనా చూస్తానంటే చూపిస్తాను.

కొన్నేళ్ళకు అదే తిరుపతిలో, అదే కాలేజీలో, అదే ప్రొఫెసరు గారి కింద లెక్చరరుగా చేరాను. లోకంలో ఇంకో కాలేజీ లేదా అని మా ఇంట్లో అడిగారు. ఉన్నాయి. కానీ నాకు పదకొండు వేసిన మనిషి ఎదురుగా రోజూ కూర్చునే సౌకర్యం వేరే కాలేజీల్లో లేదు. అప్పటికి ఆయన డిపార్టుమెంటుకు హెడ్డు. అందరూ పెద్దాయన అనేవారు, నేనూ అలాగే అంటాను.

చేరిన మొదటి రోజే స్టాఫ్ రూములో టీ వచ్చింది. ఆరుగురం, ఆరు కప్పులు, ఐదు సాసర్లు. సాసరు లేని కప్పు నా ముందు పెట్టారు. కొత్తవాణ్ణి కదా అనుకున్నాను. ఆరేళ్ళు గడిచినా, నా తర్వాత ఇద్దరు చేరినా, సాసరు లేని కప్పు నాదే.

ఇంతకీ సెమినారు అంటే ఏమిటో చెప్పాలి. ఎమ్మెస్సీ పిల్లలు ఒక్కొక్కరు ఒక విషయం తీసుకుని, దాని మీద ప్రపంచంలో అచ్చైన వ్యాసాలన్నీ వెతికి, చదివి, సారం తీసి, అరగంట సేపు అందరి ముందూ నిలబడి చెప్పాలి. ఇది సిలబస్సులో ఉన్నది. మా దగ్గర జరిగేది వేరు. విషయాలు ఎనిమిదో తొమ్మిదో ఉండేవి, ఒక్కో దానికి ఒక లాంగు నోటుబుక్కు. సీనియరు దాన్ని జూనియరుకు ఇచ్చేవాడు, వాడు బట్టీ పట్టి అప్పజెప్పి తన జూనియరుకు ఇచ్చేవాడు. ఆయుధపూజ నాడు లాబులో త్రాసుకు, బ్యూరెట్లకు, గ్యాసు ప్లాంటుకు కుంకుమ పెట్టేటప్పుడు ఈ నోటుబుక్కులు కూడా వరసగా పేర్చి నాలుగు మూలలా పసుపు పెట్టేవారు. కొబ్బరికాయ కొట్టాక చేతులు మారేవి. పుస్తకం మరీ చిరిగిపోతే ఆ ఏడాది వంతు వచ్చినవాడు కొత్త నోటుబుక్కులో తిరగరాసేవాడు. అదొక గౌరవం.

నా వంతుకు వచ్చింది ఎర్రచందనం. చెక్కలోని ఎరుపు రంగును ఎలా వేరు చేయాలన్నది విషయం. నోట్సు ప్రకారం చెక్కపొట్టును నీళ్ళలో నాలుగు గంటలు ఉడికించి చల్లారిస్తే ఎర్రని సూదుల్లాంటి స్ఫటికాలు ఏర్పడతాయి. లాబులోనూ అందరం ఏటా అదే చేసేవాళ్ళం. నాలుగు గంటలూ ఉడికేది. చల్లారాక గోధుమరంగు కషాయం మిగిలేది. దాన్ని సింకులో పారబోసి, రికార్డులో 'ఎర్రని స్ఫటికాలు లభించినవి' అని రాసేవాళ్ళం. నేనూ రాశాను. బాగా రాసినందుకు 'గుడ్' అని సంతకం కూడా పడింది.

సెమినారు రోజు నేను ఫ్యాను వంక చూస్తూ ఒక్క ముక్క తప్పకుండా అప్పజెప్పాను. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నారు. అంతా అయ్యాక కళ్ళు తెరవకుండానే, "నీళ్ళలోనా అబ్బా?" అన్నారు.

అంతే. క్లాసంతా నవ్వింది. నోట్సులో ఆ ప్రశ్నకు జవాబు లేదు. నిలబడ్డాను. ఆయన కళ్ళు తెరిచి, "కూర్చో" అన్నారు. నా తర్వాత ఏటా ఎర్రచందనం వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆయన అదే మాట అడిగేవారు, క్లాసు నవ్వేది, వాళ్ళు నిలబడేవారు. పదకొండు మాత్రం నాకొక్కడికే. మిగతావాళ్ళకు పన్నెండో పదమూడో వేశారు. వాకబు చేశాను.

లెక్చరరుగా చేరిన ఆరో ఏట నేను ఒక అర్జీ పెట్టాను. వారానికి ఒక గంట నాకు ఇస్తే, వ్యాసాలు వెతకడం, నలుగురి ముందు మాట్లాడడం పిల్లలకు నేర్పుతానని. అర్జీని పెద్దాయన రెండుసార్లు చదివారు.

"ఏందబ్బా ఇది? కండ్లుండేవాడు వెతుక్కుంటాడు, నోరుండేవాడు మాట్లాడతాడు. దీనికి ఒక గంటా?"

"నాకు ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేది సార్."

"ఓ, పదకొండా?" అన్నారు. ఆయనకూ గుర్తుందన్నమాట. "సరే, శనివారం ఆఖరు గంట తీసుకో. యాడికీ పోకుండా పిల్లోళ్ళను కూర్చోబెట్టు సూద్దాం."

శనివారం ఆఖరు గంట అంటే హాస్టలు పిల్లలు సగం మంది బస్టాండులో ఉండే గంట. మిగతా సగానికి ఊళ్ళనుంచి చుట్టాలు దర్శనానికి దిగబడే గంట. తిరుపతిలో చదువుకునేవాడికి చుట్టాలు ఎక్కువ. అయినా తీసుకున్నాను.

మొదటి అడ్డంకి లైబ్రరీ అటెండరు. ప్రపంచంలో రసాయనశాస్త్రం మీద ఎక్కడ ఏ వ్యాసం అచ్చైనా దాని సారాన్ని నాలుగు వాక్యాల్లో ఇచ్చే లావుపాటి సంపుటాలు ఉంటాయి. మా లైబ్రరీలో అవి అద్దాల బీరువాలో ఉండేవి. తాళంచెవి అటెండరు మొలతాడుకు.

"పిల్లోళ్ళు తాకితే అట్టలు ఊడిపోతాయి సార్," అన్నాడు.

"చదవడానికే కదయ్యా కొన్నది?"

"చదివేదానికి యాడ కొన్నారు సార్? ఇన్‌స్పెక్షనుకు కొన్నారు."

నేను మొండివాణ్ణి. నెల రోజులు రోజూ ఆ బీరువా ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. నా కూర్చోవడం భరించలేక తాళం తీశాడు.

చీటీల కోసం ఊళ్ళో కల్యాణ మండపాల దగ్గర మిగిలిపోయిన పెళ్ళిపత్రికలు పోగుచేశాను. తిరుపతిలో అవి కావలసినన్ని దొరుకుతాయి. వెనకవైపు తెల్లగా ఉంటుంది. ఒక వ్యాసానికి ఒక పత్రిక. ఎవరు రాశారు, ఏ సంపుటం, ఎన్నో పేజీ, ఏం చేశారు, ఏం తేలింది. అన్నిటికంటే కింద ఒక ప్రశ్న రాసుకోవాలని నియమం పెట్టాను: దీన్ని నేను కళ్ళారా చూశానా? చూస్తే అవును, లేకపోతే లేదు. 'లేదు' అని రాయడానికి పిల్లలు పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు.

మాట్లాడడం నేర్పడానికి ఫ్యానులన్నీ ఆపించాను, చూడడానికి ఏమీ తిరగకుండా. ఆఖరి బెంచీలో ఒకణ్ణి కూర్చోబెట్టి వాడితో మాట్లాడమన్నాను. ఇంకో సాధన కూడా ఉండేది. జవాబు తెలియకపోతే నాలాగా స్తంభంలా నిలబడకూడదని, "తెలియదు సార్, చూసి చెప్తాను" అని అందరితో గొంతెత్తి పదేసి సార్లు అనిపించేవాణ్ణి. ఒక శనివారం పెద్దాయన వరండాలో పోతూ ఆగారు. లోపల క్లాసంతా ఒక్క గొంతుతో "తెలియదు సార్" అంటోంది.

"ఏమబ్బా," అన్నారు కిటికీలోంచి. "తెలీదని చెప్పేదానికి కూడా ట్రైనింగా? మా కాలంలో ఊరికే వచ్చేది."

క్లాసు నవ్వింది. ఇది కూడా రాసి పెట్టుకున్నాను.

ఆ ఏడాది ఎర్రచందనం ఒక అమ్మాయికి వచ్చింది. పాకాల నుంచి రోజూ ప్యాసింజరులో వచ్చేది. వాళ్ళ నాయన ఎర్రచందనం చెక్కతో బొమ్మలు చెక్కే మనిషి. చదువులో చురుకు. కానీ ఆ పిల్ల మాట రెండో బెంచీ దాటేది కాదు. హాజరు పిలిచినా చెయ్యి ఎత్తేది తప్ప గొంతు వినబడేది కాదు. ఇంకో ఏడాది ఆమెను రైలెక్కించే ఓపిక ఇంట్లో లేదు. పాసైతే ఉద్యోగం, తప్పితే చదువు అక్కడితో ఆఖరు. ఆ మాట ఆమే నాతో చెప్పింది, మొదటి బెంచీకి వినబడేంత గొంతుతో.

పెద్దాయన నన్ను పిలిచారు. "ఆ పాకాల పాప సెమినారు సూస్తా. ఆఖరి బెంచీకి ఇనపడకపోయిందా, పాపకు పదకొండు, నీకు ఆ శనివారం గంట కట్. ఈసారి దయ లేదు."

పదకొండు అంటున్నప్పుడు నా వైపే చూశారు.

నెల తర్వాత ఆ అమ్మాయి లైబ్రరీ నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చింది. చేతిలో పసుపు మూలల నోటుబుక్కు, పెళ్ళిపత్రికల కట్ట.

"సార్, నోట్సులో చెప్పిన పేజీలో ఎర్రచందనం లేదు సార్."

"ఎన్నో పేజీ?"

"మూడువందల పద్దెనిమిది."

"మరి అక్కడ ఏముంది?"

కాస్త తటపటాయించింది. "పందికొవ్వు సార్. చెడిపోకుండా ఎట్ల దాచిపెట్టాలో ఉండాది."

నేను ఆ నోటుబుక్కు వైపు చూశాను. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. ఇన్నేళ్ళుగా ఆయుధపూజ నాడు మేము కొబ్బరికాయ కొట్టింది పందికొవ్వుకు.

"అంకెలు తారుమారు చేసి వెతికినాను సార్. మూడువందల ఎనభై ఒకటిలో దొరికింది. అసలు వ్యాసంలో నీళ్ళే లేవు సార్. స్పిరిట్‌లో నానబెట్టినారు. మా నాయన్ను అడిగితే నవ్వినాడు. 'ఉడకేస్తే యాడ వస్తాదమ్మా ఎరుపు? పాలిష్ స్పిరిట్ ఒలికితే సూడు, పంచంతా ఎర్రగయిపోతాది' అన్నాడు."

నా గుండె నిండిపోయింది. పెద్దాయన డిపార్టుమెంటులో, పెద్దాయన కళ్ళ ముందు, ఏటేటా పిల్లలు తప్పు అప్పజెప్పారు. ఇప్పుడు నా క్లాసు పిల్ల పట్టుకుంది. సెమినారు రోజు ఆయన ముఖం ఎలా ఉంటుందో అప్పుడే ఊహించుకోవడం మొదలుపెట్టాను.

"సార్, ఒకటి అడగొచ్చా?" అంది ఆ అమ్మాయి.

"అడుగమ్మా."

"ఈ చేతిరాత మీదే గదా సార్? మీరు బోర్డు మీద ఎనిమిది ఇట్లనే రాస్తారు, పైన సున్నా విప్పేసి."

నోటుబుక్కు తీసుకుని చూశాను. నాదే. పాతది చిరిగిపోతే ఆ ఏడాది తిరగరాసింది నేనే, ఎంతో గర్వంగా, మంచి పెన్నుతో. గౌరవం కదా. పందికొవ్వు నా చలవ. నీళ్ళు మాత్రం నావి కావు. పాత పుస్తకంలోనూ నీళ్ళే ఉన్నాయి, అది ఒట్టేసి చెప్పగలను.

"ఇది చెప్పమంటారా సార్, వద్దా?"

"వచ్చే శనివారం చెప్తాను," అన్నాను.

ఆ వారం నేను సరిగ్గా అన్నం తినలేదు. చెప్తే, పదకొండు మార్కులవాడు పేజీ నంబరు కూడా సరిగ్గా రాయలేనివాడని ఊరంతా తెలుస్తుంది. పెద్దాయనకు ఇంకో పదేళ్ళకు సరిపడా మాటలు దొరుకుతాయి. చెప్పకపోతే ఆ పిల్ల ఫ్యాను వంక చూస్తూ నీళ్ళలో అని అప్పజెప్తుంది, ఆయన అడుగుతారు, క్లాసు నవ్వుతుంది, ఆమె నిలబడుతుంది. ఆ నిలబడడం ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒక మధ్యేమార్గం ఆలోచించాను.

"సరైన పేజీ చెప్పమ్మా, సరైన పద్ధతి చెప్పు. పాత నోట్సు సంగతి ఎత్తొద్దు," అన్నాను శనివారం.

ఆమె తల వంచుకుంది. "ఎత్తకపోతే తప్పని వాళ్ళకు ఎట్ల తెలుస్తాది సార్? వచ్చే ఏడు మళ్ళా అదే అప్పజెప్తారు. ఎవరు యాడ తప్పినారో కూడా చెప్పాలని మీరే చెప్పినారు గదా."

నేర్పడంలో ఇదొక నష్టం. నేర్చుకుంటారు.

"సరే, చెప్పు," అన్నాను. పేరు చెప్పాలా అని ఆమె అడగలేదు, నేను చెప్పొద్దని అనలేదు.

సెమినారుకు బయటి ఊరి నుంచి ఎగ్జామినరు వచ్చారు. మా దగ్గర ఎగ్జామినర్లు పరీక్షకు రారు, దర్శనానికి వస్తారు. మధ్యలో పరీక్ష ఉంటుంది. వాళ్ళను కొండమీదికి తీసుకుపోయి క్యూలో నిలబెట్టే పని ఆరేళ్ళుగా నాదే. ఈ ఎగ్జామినరు కుటుంబంతో వచ్చి, గుండు చేయించుకుని, దానికి చందనం రాయించుకుని, లడ్డూల సంచీతో నేరుగా సెమినారు హాల్లో కూర్చున్నారు. దర్శనం బాగా జరిగింది కాబట్టి అందరూ పాసేనని పిల్లలు గుసగుసలాడుకున్నారు. పెద్దాయన పక్క కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఎర్రచందనం అన్నాక ఏం జరుగుతుందో అటెండరుక్కూడా తెలుసు. నవ్వడానికి వెనక తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

ఆ అమ్మాయి లేచింది. నేను ఆఖరి బెంచీలో కూర్చున్నాను, వినబడకపోతే చెయ్యి ఎత్తుతానని ముందే చెప్పి.

చెయ్యి ఎత్తే అవసరం రాలేదు. గొంతు ఖంగుమంది. ఆ నెలంతా ప్యాసింజరులో ఆడవాళ్ళ పెట్టెలో, వేరుశనక్కాయలు అమ్మే అవ్వలకు ఎర్రచందనం గురించి చెప్పుకుంటూ వచ్చిందట. రైలు మోతను, అవ్వల కేకలను దాటిన గొంతుకు మా హాలు ఒక లెక్కా. ఆ పద్ధతి నేను నేర్పింది కాదు. నా ఫ్యానుల సంగతి ఎవరూ గుర్తు చేయలేదు.

రెండు పరీక్షనాళికలు తెచ్చింది. రెండిట్లోనూ వాళ్ళ నాయన చెక్కగా రాలిన పొట్టు వేసింది. ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో వాళ్ళ నాయన పాలిష్ స్పిరిట్. నీళ్ళది నీళ్ళలాగే ఉంది. స్పిరిట్‌లో ఎరుపు తీగలు తీగలుగా దిగింది. ఎగ్జామినరు గారు ముందుకు వంగారు. పెద్దాయన కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆయనకు చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆమె ఆగగానే అలవాటు చొప్పున అన్నారు.

"నీళ్ళలోనా అమ్మా?"

నవ్వడానికి అటెండరు నోరు తెరిచాడు.

"కాదు సార్. స్పిరిట్‌లో. నీళ్ళని మన నోట్సులో ఉండాది, వ్యాసంలో లేదు. నోట్సులో ఇచ్చిన పేజీలో ఉండేది పందికొవ్వు సార్."

పెద్దాయన కళ్ళు తెరిచారు. హాల్లో ఎవరూ నవ్వలేదు.

"పందికొవ్వా?" అన్నారు ఎగ్జామినరు గారు, గుండు తడుముకుంటూ. "ఆ పేజీ ఎవరు రాశారు?"

ఆ అమ్మాయి చేతిలోని పెళ్ళిపత్రిక వైపే చూసింది. నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడం చూసి లేచాను.

"నేను సార్. తిరగరాసేటప్పుడు అంకెలు తారుమారయ్యాయి. వ్యాసం నేను చూడలేదు."

జీవితంలో 'చూడలేదు' అని నేను గట్టిగా అన్నది అదే మొదటిసారి. ఆఖరి బెంచీ కాబట్టి ముందు బెంచీ దాకా వినబడింది.

"మరి నీళ్ళు ఎవరు రాశారు?"

"తెలియదు సార్, చూసి చెప్తాను," అంది ఆ అమ్మాయి.

పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "సూసే పన్లేదమ్మా. నేనే. నేను చదువుకునేటప్పుడు ఒక ఏడు సర్కారు పర్మిట్టు ఆగిపోయి లాబుకు స్పిరిట్ రాలేదు. నీళ్ళతో కానిచ్చినాం. అదే రాసేసినాను."

పరీక్ష అయ్యాక వరండాలో ఆయన్ను ఆపాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఆయన్ను ఆపింది అదొక్కసారే.

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు సార్?"

"అడుగుతానే ఉండాను గదబ్బా ప్రతి ఏడూ, నీళ్ళలోనా, నీళ్ళలోనా అని. ఒక్కడన్నా కాదు సార్ అన్నాడా? నువ్వైనా అంటావనుకున్నా. బాగా చదివేవాడివి. అందుకే నీకు పదకొండు."

"అయితే ఆ పదకొండు..."

"ఏం, దయ మార్కు వెనక్కి తీసుకోమంటావా?"

ఆ అమ్మాయికి ఇరవై ఒకటి వేశారు. పాసై చిత్తూరులో జూనియర్ కాలేజీలో చేరింది. నా శనివారం గంట ఉండిపోయింది, అదే ఆఖరు గంట. సెమినారు రోజు సాయంత్రం టీ వచ్చినప్పుడు నా కప్పు కింద సాసరు ఉంది. అంచు విరిగినది.

ఇక్కడితో ఆపితే బాగుండేదని నాకూ తెలుసు. మరుసటి ఏడు ఆయుధపూజకు లాబులోకి వెళితే, త్రాసు పక్కన నోటుబుక్కులు లేవు. పెళ్ళిపత్రికల కట్ట ఉంది, కొత్తగా తిరగరాసినది. నాలుగు మూలలా పసుపు.

ఆ ఏడు సెమినారుకు మార్కులు వేసే పని పెద్దాయన నాకిచ్చారు. పూతలపట్టు కుర్రాడొకడు ఎర్రచందనం చెప్పాడు. గొంతు ఖంగుమంది. రెండు పరీక్షనాళికలు తెచ్చాడు. "మా నాయన బొమ్మలు చెక్కుతాడు సార్," అన్నాడు. వాళ్ళ నాయన బస్సు కండక్టరు. చీటీ తీసుకుని చూశాను. పేజీ ఎనిమిదివందల ముప్పై ఒకటి. కింద 'కళ్ళారా చూశానా?' అన్నచోట ముత్యాల్లాంటి అక్షరాలతో 'అవును'.

"ఈ పేజీ నువ్వు చూశావా అబ్బా?" అన్నాను.

"తెలియదు సార్, చూసి చెప్తాను," అన్నాడు, ఆఖరి బెంచీకి స్పష్టంగా వినబడేలా.

క్లాసు నవ్వింది. పక్కన పెద్దాయన కళ్ళు మూసుకునే నవ్వుతున్నారు, భుజాలు కదులుతున్నాయి. కుర్రాడు నిలబడి ఉన్నాడు. అలా నిలబడడం నాకు బాగా తెలుసు. నాకు జాలి వేసింది. అయినా కాగితం తీసి అతని నంబరు ఎదురుగా పదకొండు వేశాను. దయ మార్కు కలపలేదు. అటెండరును పిలిచి మొలతాడు నుంచి తాళంచెవి విప్పించి, ఆ కుర్రాడి చేతిలో పెట్టాను.

"మార్కులు పంపడానికి సోమవారం దాకా టైముంది. పోయి చూసి రా," అన్నాను.